కొల్లేటి గట్టున తుపాకీ: ఎంపిక, అమరిక, చట్టం

పెదపాడు: కొల్లేటి పరిసర మండలాల్లోని పాత రైతు లోగిళ్లలో నేటికీ అక్కడక్కడా ఒక తుపాకీ కనిపిస్తుంది. తాతగారి కాలంలో కొన్నది. పందిరి మంచం పక్కన గోడకు ఆనించి, గొట్టం మూతిలో గుడ్డపేలిక కుక్కి ఉంటుంది. చివరిసారి ఎప్పుడు పేలిందో ఇంట్లోవారికి గుర్తుండదు. లైసెన్సు పుస్తకంలోని పేరు మాత్రం కాలం చేసిన పెద్దాయనదే. మరోవైపు చేపల చెరువులు, మెట్ట ప్రాంతంలో మొక్కజొన్న, పామాయిల్ తోటలు ఉన్నవారు రాత్రి కాపలాకు తుపాకీ ఉంటే మేలని భావిస్తున్నారు. ఏ తుపాకీ కొనాలి, దానికి ఏ మార్పులు చేసుకోవచ్చు, దానిని ఎక్కడికి తీసుకువెళ్లవచ్చు, ఎక్కడికి తీసుకువెళ్లరాదు అన్న విషయాలపై అపోహలే ఎక్కువ. ఆ వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

ముందుగా ఒక మాట. పెదపాడు, ఏలూరు, దెందులూరు, భీమడోలు, కైకలూరు, మండవల్లి వంటి మండలాల్లో తుపాకీ ప్రశ్న మిగతా రాష్ట్రంలో ఉన్నంత సులువైనది కాదు. ఇక్కడ ఆయుధ చట్టంతో పాటు వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అడ్డం వస్తుంది. తుపాకీ ఎంపిక కన్నా ముందు ఇది తెలుసుకోవడం మంచిదే గానీ, పాఠకుల ఆసక్తి ముందు ఆయుధం మీదకే పోతుంది కనుక అక్కడినుంచే మొదలుపెడదాం.

చట్టమే చెప్పిన తుపాకీ

1959 నాటి ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో సామాన్య పౌరుని అవసరాన్ని దృష్టిలో ఉంచుకొని ఒక వెసులుబాటు కల్పించారు. గొట్టం లోపల గాళ్లు లేని నునుపు తుపాకీ, గొట్టం పొడవు 20 అంగుళాలకు తగ్గనిది, ఆత్మరక్షణకో క్రీడకో కావాలని కోరితే, ఇతర అభ్యంతరాలు లేనప్పుడు అధికారి లైసెన్సు మంజూరు చేయవలసి ఉంటుంది. పంట రక్షణకైతే మూతిలోనుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకీని చట్టం ముందు పెట్టింది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే తూటాలు వేసే నునుపు తుపాకీకి అనుమతి ఇవ్వవచ్చు. రైఫిల్, పిస్తోలు, రివాల్వర్ విషయంలో ఈ సౌలభ్యం లేదు. అందువల్ల పొలం కాపలా, అడవి దారి అనగానే ఆచరణలో మిగిలేది 12 బోరు తుపాకీయే.

బోరు అన్న మాటకు అర్థం చాలామందికి తెలియదు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోత పోస్తే, ఒక్కో గుండు ఎంత వెడల్పు ఉంటుందో ఆ గొట్టం లోపలి వెడల్పు అంత. అదే 12 బోరు, సుమారు 18.5 మిల్లీమీటర్లు. పదహారు గుండ్లు పోస్తే 16 బోరు, ఇరవై పోస్తే 20 బోరు. కనుక అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 410 అనేది మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది అంగుళంలో వెయ్యింట 410 వంతులని చెప్పే కొలత. 16 బోరు, 20 బోరు తుపాకులు తేలికైనవే అయినా మన పట్టణాల దుకాణాల్లో వాటి తూటాలు అరుదు. తూటా దొరకని తుపాకీ దుడ్డుకర్రతో సమానం. కొత్తగా కొనేవారు 12 బోరును దాటి ఆలోచించవలసిన పని లేదు.

ఒంటి గొట్టమా, జంట గొట్టమా

మన దేశంలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల తయారీగా ఒంటి గొట్టం, జంట గొట్టం 12 బోరు తుపాకులు, పంప్ యాక్షన్ తుపాకులు మార్కెట్లోకి వచ్చాయి. ఆ కర్మాగారాల బోర్డును 2021 అక్టోబరు 1న రద్దు చేసి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడగొట్టారు. పాత తుపాకులపై పాత ముద్రలే ఉంటాయి, అది లోపం కాదు.

ఒంటి గొట్టం తేలిక, చౌక, మరమ్మతు తక్కువ. ఒక్క దెబ్బతో పని తీరిపోతుందన్న భరోసా ఉన్నవారికి అది చాలు. అయితే భయపడిన మనిషి మొదటి గురి తప్పడం సహజం. తూటా మార్చేందుకు పట్టే నాలుగైదు క్షణాలు అడవిపంది మీదకు వచ్చే సమయం కన్నా ఎక్కువ.

పంప్ యాక్షన్‌లో నాలుగైదు తూటాలు పడతాయి. సినిమాల పుణ్యమా అని యువకుల మోజు దానిమీదే. కానీ బురద, ఇసుక, తేమ ఎక్కువగా ఉండే చెరువు గట్లపై దాని జారుడు భాగంలో మట్టి చేరితే మొరాయిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, లోపల తూటా ఉందో లేదో పక్కవాడికి కనబడదు. సెమీ ఆటోమేటిక్ తుపాకులను నియమావళి వేరే కోవలో పెట్టింది. కలెక్టరేట్ నుంచి వచ్చే సాధారణ లైసెన్సుతో వాటిని కొనరాదు.

ఈ వ్యాసకర్త అభిప్రాయంలో పొలానికీ, గట్టుకూ, మెట్ట దారికీ జంట గొట్టాల తుపాకీయే సరైనది. రెండు గొట్టాల్లో రెండు రకాల తూటాలు ఉంచుకోవచ్చు. ఒక మీట మొరాయిస్తే రెండోది పనిచేస్తుంది. మధ్యలో మడత విప్పి భుజాన వేసుకుంటే అది ఖాళీగా ఉందని నూరు అడుగుల దూరంలోని మనిషికి కూడా తెలుస్తుంది. కూలీలు, పిల్లలు, పశువులు తిరిగే మన పొలాల్లో ఈ చివరి గుణమే మొదట లెక్కించదగినది.

పాత తుపాకీ విషయంలో తొందరపాటు వద్దు

ఇంట్లో ఉన్న తాతగారి తుపాకీని తుడిచి వాడుకోవచ్చునా అని అడిగేవారు చాలామంది. జవాబు ఒక్క మాటలో తేలదు.

మొదటిది, గొట్టం ఏ కాలపుది? ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికి చేసిన గొట్టాలు పందొమ్మిదవ శతాబ్దంలో విరివిగా వచ్చాయి. వాటిపై నీటి అలల వంటి చారలు కనిపిస్తాయి. అవి నల్లమందు ఒత్తిడికి ఉద్దేశించినవి. నేటి పొగరాని మందు తూటా వేస్తే పగిలి చేతి వేళ్లు పోయే ప్రమాదం ఉంది. అటువంటి తుపాకీ ఎంత అందంగా ఉన్నా గోడకే పరిమితం కావాలి.

రెండోది, తూటా గది పొడవు. పాత తుపాకుల్లో ఇది రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. తర్వాతి వాటిలో 70, కొన్నింటిలో 76 మిల్లీమీటర్లు. ఇక్కడ మోసం ఏమిటంటే 70 మిల్లీమీటర్ల తూటా 65 మిల్లీమీటర్ల గదిలో కూడా చక్కగా కూర్చుంటుంది. తూటా పొడవును అది పేలిన తర్వాత మూతి విచ్చుకున్న స్థితిలో కొలుస్తారు కనుక పేలకముందు పొట్టిగానే ఉంటుంది. పేలినపుడు విచ్చుకునేందుకు చోటు లేక ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. గొట్టం అడుగున ముద్రించిన అంకె చూడకుండా తూటా కొనరాదు.

మూడోది చిన్నదే గానీ ప్రాణాంతకమైనది. 20 బోరు తూటా పొరపాటున 12 బోరు గొట్టంలో వేస్తే జారి కొంతదూరం పోయి ఇరుక్కుంటుంది. తూటా లేదనుకొని 12 బోరుది వేసి పేల్చితే గొట్టం చీలుతుంది. ఈ కారణంగానే 20 బోరు తూటాలను పసుపు రంగులో చేసే ఆనవాయితీ ఏర్పడింది. రెండు రకాల తుపాకులున్న ఇంట్లో రెండు రకాల తూటాలు ఒకే సంచిలో ఉండరాదు.

బురద గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వరి గట్టుపై కాలు జారి తుపాకీ మూతి బురదలో దిగబడితే, మూతికి అంటిన మట్టిని తుడిచి ఊరుకోవడం పరిపాటి. లోపల వేలెడు మట్టి మిగిలి ఉన్నా పేల్చిన క్షణంలో గొట్టం ఉబ్బి పగులుతుంది. తూటాలు తీసి, మడత విప్పి, గొట్టంలోనుంచి ఆకాశం గుండ్రంగా కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. ఈ పనికి అర నిమిషం చాలు.

గొట్టం కోసేవారికి హెచ్చరిక

తుపాకీని తమకు అనుకూలంగా మార్చుకోవాలన్న కోరిక సహజం. 30, 32 అంగుళాల గొట్టం దోనెలో తిప్పుకోవడానికి, పామాయిల్ మట్టల కింద వంగి నడవడానికి అడ్డుగా ఉంటుంది. దాంతో కమ్మరి కొలిమికో, లేతు మిషను షాపుకో తీసుకువెళ్లి నాలుగంగుళాలు కోయించేద్దామన్న ఆలోచన పుడుతుంది.

అది ఆయుధ చట్టం 6వ సెక్షన్ కింద నేరం. అందుకు విడిగా లైసెన్సు ఉన్నవారు తప్ప తుపాకీ గొట్టాన్ని కురచ చేయరాదు, ఒక కోవ ఆయుధాన్ని మరో కోవలోకి మార్చరాదు. 2019 సవరణ తరువాత ఇందుకు కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. 20 అంగుళాలకు లోబడిన గొట్టం ఉన్న తుపాకీ సామాన్యుని లైసెన్సు పరిధిలోనే ఉండదు. ఇనుప రంపంతో పది నిమిషాల్లో అయ్యే పని జీవితకాలపు శిక్షకు దారితీస్తుందన్న సంగతి పల్లెల్లో ఎందరికి తెలుసో సందేహమే. పొట్టి గొట్టం కావలసినవారు కొనేటప్పుడే 20 అంగుళాలకు పైబడినంతలో పొట్టిది ఎంచుకోవాలి.

కోయడం వల్ల మరో నష్టం ఉంది. గొట్టం మూతి వద్ద లోపలి వెడల్పును కాస్త సన్నం చేసే నొక్కును చోక్ అంటారు. గుళ్లు ఎంత దగ్గరగా గుంపుగా పోవాలో అదే నిర్ణయిస్తుంది. నలభై గజాల దూరంలో ముప్పై అంగుళాల వలయం గీస్తే, పూర్తి చోక్ ఉన్న గొట్టం తన గుళ్లలో సుమారు 70 శాతాన్ని అందులో వేస్తుంది. చోక్ లేని గొట్టం సుమారు 40 శాతాన్నే వేస్తుంది. మూతి కోస్తే చోక్ పోతుంది. జంట గొట్టాల తుపాకుల్లో సాధారణంగా కుడి గొట్టం విప్పారినది, ఎడమ గొట్టం బిగువైనది. దగ్గరి ప్రమాదానికి కుడిదే ముందు వాడాలన్న నియమం ఇందుకే. ఒంటి గుండు తూటాను పూర్తి చోక్ గొట్టంలో పేల్చరాదు. తయారీదారు అనుమతించినదైతే తప్ప.

చేసుకోదగిన మార్పులు

చట్టం అడ్డుచెప్పని మార్పులు కొన్ని ఉన్నాయి. నిజానికి రోజువారీ వాడకంలో అక్కరకు వచ్చేవి ఇవే.

భుజానికి ఆన్చే కర్ర మనిషి చేతికి సరిపోవాలి. మోచేయి మడిచి, మీట దగ్గర చూపుడువేలు ఉంచినపుడు కర్ర చివర మోచేతి మడతకు తాకితే కొలత రమారమి సరిపోయినట్టే. పొడవాటి కర్ర చొక్కా మడతల్లో తట్టుకుంటుంది; పొట్టిది బొటనవేలితో ముక్కుమీద గుద్దిస్తుంది. కర్రను కురచ చేయించడానికి, పొడిగించడానికి నిపుణుడైన లైసెన్సుదారు మరమ్మతుదారు వద్దకే వెళ్లాలి. లైసెన్సు లేని కమ్మరి చేతికి తుపాకీ అప్పగించడమే నేరమవుతుంది.

కర్ర చివర రబ్బరు మెత్త అమర్చుకుంటే వెనుదన్ను తగ్గుతుంది. 12 బోరు తన్ను తెలిసినవారికి దీని విలువ చెప్పనక్కరలేదు. భుజానికి వేలాడేసుకునే తోలుపట్టీ తప్పనిసరి. రెండు చేతులూ ఖాళీగా లేకుండా గట్టుమీద నడిచేవాడు ఏదో ఒకనాడు పడతాడు. మూతిపై ఉండే ఇత్తడి పూస మసకబారితే తెల్లరంగు చుక్క పెట్టించుకోవచ్చు. మునిమాపు వేళ అది కనబడుతుంది. తూటాల పట్టీ నడుముకు కట్టుకునేది మేలు. జేబులో తాళంచేతులతో పాటు తూటాలు వేసుకోవడం అవివేకం.

టార్చిలైటును గొట్టానికి కట్టే అలవాటు కొందరిలో ఉంది. దానివల్ల వెలుతురు పడిన ప్రతి వస్తువుపైకీ తుపాకీ మూతి తిరుగుతుంది. గట్టు కాపలాలో చప్పుడైన చోటల్లా మొదట ఉండేది మనిషే. బహిర్భూమికి వెళ్లిన కూలీయో, వల వేయడానికి వచ్చిన పొరుగు రైతో కావచ్చు. టార్చి విడిగా, వీలైతే మరో మనిషి చేతిలో ఉండాలి.

జంట గొట్టాల తుపాకీపై ఉండే భద్రతా మీట గురించి ఒక ముఖ్యమైన విషయం. చాలా తుపాకుల్లో అది వేలితో లాగే మీటను మాత్రమే బంధిస్తుంది, లోపలి సుత్తిని కాదు. కిందపడితే పేలే అవకాశం అలాగే ఉంటుంది. కాలువ దాటేటప్పుడు, దోనె ఎక్కేటప్పుడు, కంచె దూకేటప్పుడు తూటాలు తీసివేయడం ఒక్కటే భద్రత.

తూటాల లెక్క

మన దుకాణాల్లో తరచు దొరికేవి పుణె సమీపంలోని ఖడ్కీ కర్మాగారం పేరిట ప్రసిద్ధమైన శక్తిమాన్ ఎక్స్‌ప్రెస్ తూటాలు. వీటిలో గుళ్ల పరిమాణాన్ని బ్రిటిష్ కాలపు పేర్లతోనే పిలుస్తారు. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల సీసానికి ఎల్‌జీ గుళ్లు 6, ఎస్‌జీ గుళ్లు 8, బీబీ 70, 4వ నంబరు 170, 6వ నంబరు 270 వస్తాయి. అడవిపంది వంటి బరువైన జంతువు మీదపడినపుడు పనికివచ్చేవి ఎస్‌జీ, ఎల్‌జీ మాత్రమే. చిన్న గుళ్లు పందిని గాయపరిచి ఉగ్రం చేస్తాయే గానీ ఆపలేవు. ఎస్‌జీ కూడా ముప్పై, ముప్పై అయిదు గజాలు దాటితే నమ్మదగినది కాదు.

అయితే నమ్మదగిన దూరం వేరు, పోయే దూరం వేరు. గుండు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకొని 2,200తో గుణిస్తే అది గరిష్ఠంగా ఎన్ని గజాలు పోగలదో తెలుస్తుందని ఒక పాత లెక్క ఉంది. ఆ ప్రకారం 6వ నంబరు గుళ్లు సుమారు 225 గజాలు, ఎస్‌జీ గుళ్లు 700 గజాలు పైచిలుకు పోతాయి. డెల్టా నేల బల్లపరుపు. ఆపడానికి కొండ లేదు, గుట్ట లేదు. ఊరికీ ఊరికీ మధ్య అంత దూరమే ఉన్న చోట్లు అనేకం. పైగా వాలుగా నీటిని తాకిన గుండు అక్కడే మునగదు. పెంకు బిళ్లలా ఎగిరి మరోవైపు పోతుంది. నిండు చెరువు మీదుగా పేల్చేవారు ఆవలి గట్టున ఎవరున్నారో ఎరుగరు.

కొల్లేటి గాలిలో తేమ తూటాలకూ శత్రువే. అట్ట పొర ఉన్న పాత తూటాలు ఉబ్బి గదిలో ఇరుక్కుంటాయి. ప్లాస్టిక్ పొర వాటిని గాలి చొరని డబ్బాలో, తుపాకీకి దూరంగా, విడి తాళం కింద ఉంచాలి. వానకాలంలో వారానికోసారి గొట్టం తుడిచి పల్చగా నూనె పట్టించాలి. వంటనూనె, కొబ్బరినూనె వాడితే జిగురై పోతుంది.

సీసపు గుళ్ల విషయం మరొకటి. బాతులు, ఇతర నీటిపక్షులు మేతను అరిగించుకోవడానికి అడుగు మట్టిలోని గరుకు రాళ్లను మింగుతాయి. వాటితో పాటు సీసపు గుళ్లూ మింగి విషం ఎక్కి చనిపోతాయి. ఈ కారణంగా అమెరికాలో నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను 1991 నాటికి పూర్తిగా నిషేధించారు. ఐరోపా సమాఖ్య చిత్తడి నేలల్లోనూ వాటికి నూరు మీటర్ల లోపునా 2023 ఫిబ్రవరి నుంచి నిషేధం అమలు చేస్తోంది. మన కొల్లేటి అడుగున పాత షికార్ల నాటి సీసం ఎంత మిగిలి ఉందో ఎవరూ లెక్క తీసినట్టు లేదు.

కొల్లేరు దగ్గర మరో చట్టం

ఇప్పుడు అసలు చిక్కు. అయిదో కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరును 1999 అక్టోబరులో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తెగ్గొట్టిన సంగతి ఈ ప్రాంతవాసులకు వేరుగా గుర్తుచేయనక్కరలేదు. గట్లు తెగిన విషయం అందరికీ గుర్తుంది. తుపాకీ నిబంధనలు మాత్రం చాలామందికి తెలియవు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టరాదు. లైసెన్సు ఉన్నా ఇంతే. ఏలూరు నుంచి కైకలూరు వైపు కొల్లేటి మీదుగా తుపాకీతో ప్రయాణించేవారు సైతం ఈ నిబంధనను గుర్తుంచుకోవాలి. 34వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్తుంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసించే ఆయుధ లైసెన్సుదారులు అటవీ అధికారుల వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పది కిలోమీటర్ల పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి ఉండాలి. పెదపాడు మండలం దక్షిణ భాగం కొల్లేటికి ఆనుకొనే ఉంది. మండలంలోని చాలా గ్రామాలు ఈ పరిధిలోకి వస్తాయి. కలెక్టరేట్‌లో దరఖాస్తు నెలల తరబడి ఎందుకు కదలదో తెలియక తిరిగేవారికి కారణం ఇక్కడ ఉండవచ్చు.

చేపల రైతుల బాధ అర్థం చేసుకోదగినదే. గూడబాతులు, నీటికాకులు మందలుగా వాలితే చెరువులోని పిల్ల చేపలు గంటల్లో మాయమవుతాయి. నీటికుక్కలు రాత్రిపూట వస్తాయి. కానీ వీటిపై తుపాకీ ఎక్కుపెట్టడానికి చట్టంలో చోటు లేదు. వేట అంటే చంపడం మాత్రమే కాదు; వల పన్నడం, ఎర వేయడం, తోలడం, గాయపరచడం, గుడ్లను, గూళ్లను చెరచడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. ఒకప్పుడు చిన్న జంతువుల వేటకు లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో అవి పోయాయి. ఎయిర్‌గన్‌లలో తక్కువ శక్తి గలవాటికి ఆయుధ లైసెన్సు అక్కరలేదు గనుక పిట్టలను కొట్టవచ్చునన్నది మరో భ్రమ. జంతువును గాయపరచగల ఏ సాధనమైనా ఈ చట్టం దృష్టిలో ఆయుధమే. అభయారణ్యంలో వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. నేరం రుజువైతే తుపాకీ లైసెన్సు రద్దు చేసి, అయిదేళ్లు కొత్తది పొందకుండా ఆదేశించే అధికారం కోర్టుకు ఉంది.

చెరువులపై వలలు కప్పడం, మెరిసే రిబ్బన్లు కట్టడం ఖర్చుతో కూడినవే. అయినా కేసు ఖర్చు కన్నా తక్కువ.

అడవిపంది సంగతి

బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు మెట్ట రైతులకు అడవిపంది నిజమైన శత్రువు. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. మనుషుల ప్రాణానికీ, నిలిచి ఉన్న పంట సహా ఆస్తికీ ముప్పుగా మారిన రెండో షెడ్యూల్ జంతువును చంపేందుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా అధీకృత అధికారి 11వ సెక్షన్ కింద కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. కేరళ ప్రభుత్వం 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల వరకు తీసుకువెళ్లింది. చేతిలో లైసెన్సు తుపాకీ ఉన్నంత మాత్రాన ఈ అనుమతి ఉన్నట్టు కాదు. రెండూ వేర్వేరు కాగితాలు.

మరి జంతువు మీదపడితే? సదుద్దేశంతో తన ప్రాణాన్నో, మరొకరి ప్రాణాన్నో కాపాడుకునేందుకు చంపడం నేరం కాదని అదే సెక్షన్ చెబుతోంది. అయితే ఆ సమయంలో అతడు ఈ చట్టాన్ని ఉల్లంఘించే మరో పని చేస్తూ ఉండరాదు. అనుమతి లేకుండా తుపాకీతో అభయారణ్యంలోకి వెళ్లి, పంది తరిమింది గనుక కాల్చానంటే ఆ రక్షణ వర్తించదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. మాంసం పంచుకుంటే మరో నేరం.

తుపాకీ దొరకని రైతు పొలం చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టడం ఇంతకన్నా ఘోరం. పంది కోసం పెట్టిన తీగకు పొరుగు రైతు, అతడి ఎడ్లు, ఒక్కోసారి పెట్టినవాడే బలవుతున్నారు. ఇక డెల్టాలో వరిని నిజంగా తినేది పందికొక్కులు, ఎలుకలు. వాటికి 12 బోరు ఏమీ చేయలేదు. పాములకు అసలే కాదు; గట్టుపై తిరిగేవారికి టార్చి, మోకాళ్ల దాకా బూట్లు, చేతికర్ర ఇచ్చే రక్షణ ఏ తుపాకీ ఇవ్వదు.

లైసెన్సు పుస్తకం

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. పోలీసు విచారణ నివేదిక, వైద్య ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రపరిచే ఏర్పాటు, 2016 నియమావళి కోరిన శిక్షణ ధ్రువపత్రం అవసరమవుతాయి. జిల్లాలో మంజూరు చేసే అధికారి కలెక్టర్. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడ్డాక పాత పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల్లో తీసుకున్న లైసెన్సులు గలవారు తమ వివరాలు ఏ కార్యాలయం రికార్డుల్లో ఉన్నాయో ఒకసారి సరిచూసుకోవడం మంచిది. 2019 సవరణతో లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. ఒక మనిషి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉంటే రెండు నుంచి అయిదేళ్ల జైలు. పెళ్లిళ్లు, జాతరల్లో సంబరానికి పేల్చినా, ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

పంట రక్షణకు ఇచ్చిన లైసెన్సు తుపాకీని ఆ పొలం పరిధి దాటించరాదు. తూటాలు పుస్తకంలో రాసిన సంఖ్యకు మించి ఉంచరాదు. తమ్ముడికో, పాలేరుకో ఇచ్చి కాపలాకు పంపడం తప్పు. పేరున్న మనిషి చేతిలోనే ఉండాలి. ఎన్నికల ప్రకటన రాగానే తుపాకులను పోలీస్‌స్టేషన్‌లో అప్పగించమని ఆదేశాలు వస్తాయి. 2024లో పోలింగ్ మే 13న జరిగింది. వేసవి పంట చేలో ఉండగానే కాపలా తుపాకీ స్టేషన్‌కు వెళ్లవలసి వచ్చింది. అప్పగించినపుడు నంబరు, తేదీ ఉన్న రసీదు తప్పక తీసుకోవాలి. తిరిగి తీసుకునేందుకు అదే ఆధారం.

మొదట చెప్పిన తాతగారి తుపాకీ విషయానికి వస్తే, లైసెన్సుదారు మరణించిన తర్వాత అది ఇంట్లో ఉండడమే నేరం కాగలదు. వారసులు జాప్యం చేయకుండా సమీప పోలీస్‌స్టేషన్‌లో గానీ, లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్ద గానీ డిపాజిట్ చేసి రసీదు పొందాలి. అటుపై మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు పుస్తకం, మిగతా వారసుల అంగీకార పత్రం జతచేసి వారిలో ఒకరి పేరిట కలెక్టరేట్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఎవరికీ అక్కరలేకపోతే వ్యాపారి ద్వారా అమ్మవచ్చు, లేదా ప్రభుత్వానికి అప్పగించవచ్చు. స్టేషన్‌కు తీసుకువెళ్లే ముందు గొట్టం మూతిలోని గుడ్డపేలిక తీసి, లోపల తూటా లేదని చూసుకోవాలి.